జంప్ క్యూ తొండి కాదు

నల్లగొండలో నేను పన్నెండేళ్లుగా పూల్, స్నూకర్ ఆడుతున్న పార్లర్‌లో గల్లాపెట్టె వెనుక గోడకు ఒక బోర్డు ఉండేది. బల్ల మీద కూర్చోరాదు, బల్ల అంచు మీద టీ గ్లాసు పెట్టరాదు, జంప్ కొట్టరాదు అని అందులో మూడు నిషేధాలు వరుసగా రాసి ఉండేవి. మొదటి రెండింటితో నాకు ఎన్నడూ పేచీ లేదు. మూడోదాని విషయంలో మాత్రం దాదాపు రెండేళ్లు వాదించాను, ఇప్పటికీ నా వాదన సరైనదేనని నమ్ముతున్నాను. పూల్ ఆటలో అడ్డుగా ఉన్న బంతి మీదుగా తెల్ల బంతిని ఎగరవేయడం నేరం కాదు, అందుకోసం విడిగా ఒక చిన్న క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, కొనుక్కోవడం తొండి అంతకన్నా కాదు. బల్ల పాడయ్యేది ఆ క్యూ వల్ల కాదు, అది లేకుండా అదే షాట్‌ను మామూలు క్యూతో ప్రయత్నించేవారి వల్ల. ఈ సంగతిని కొంచెం వివరంగా, క్యూను ఎలా ఎంచుకోవాలో, దానితో ఎలా సాధన చేయాలో కూడా కలిపి చెప్పదలచుకున్నాను.

మా పార్లర్‌లో అందరూ గౌరవించే ఒక పెద్దాయన ఉన్నారు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, స్నూకర్ బల్ల మీద ఆయన నిదానం చూసి నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. నేను మొదటిసారి జంప్ క్యూను సంచిలోంచి తీసినప్పుడు ఆయన దగ్గరికి వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "తమ్మీ, గిది ఆట కాదు, దుంకుడు. బాల్ మీదికెల్లి దుంకిస్తే ఫౌల్ అని నీకు ఎరుక లేదా?" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, తన దగ్గర ఆట నేర్చుకున్న కుర్రవాడు దారి తప్పుతున్నాడన్న బాధ ఉంది. అందుకే ఆ అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారేయలేకపోయాను, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించాను.

అది స్నూకర్ నుంచి వచ్చింది. 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో పుట్టిందని చెప్పే ఆ ఆట మన దేశంలో క్లబ్బుల ద్వారా వ్యాపించింది. గీత్ సేథీ, పంకజ్ అద్వానీ వంటివారి ప్రపంచ టైటిళ్లతో బిలియర్డ్స్, స్నూకర్‌లే మనకు క్యూ ఆటల ప్రమాణాలయ్యాయి. స్నూకర్ నియమాల ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తెల్ల బంతి మరో బంతి మీదుగా ఎగిరి వెళ్లడం ఫౌలే. కాబట్టి పెద్దాయన తన ఆట విషయంలో అక్షరాలా సరిగానే మాట్లాడారు. కానీ పక్కనున్న పూల్ బల్ల మీద మేము ఆడేది నైన్ బాల్. అందులో బల్ల మీదున్న అతి చిన్న నంబరు బంతిని ముందుగా తాకాలి, తాకలేకపోతే తెల్ల బంతిని ఎదుటివాడు చేతిలోకి తీసుకుని తనకు నచ్చిన చోట పెట్టుకుంటాడు. శిక్ష ఇంత కఠినంగా ఉన్న ఆటలో, దాగిన బంతిని చేరుకునే దారులు కూడా ఎక్కువగానే ఉంటాయి. ప్రపంచ పూల్ సంఘం నియమాలు జంప్ షాట్‌ను నిర్వచిస్తూ, క్యూను ఎత్తిపట్టి తెల్ల బంతిని బల్ల ఉపరితలంలోకి కొట్టి, అది తిరిగి పైకి లేచేలా చేయడమే సక్రమమైన పద్ధతి అని స్పష్టంగా చెబుతాయి. ఒక ఆట నియమాన్ని మరో ఆట మీద రుద్దడం ఎంత పొరపాటో చెప్పడానికి వాలీబాల్, ఫుట్‌బాల్ దాకా పోనక్కరలేదు, ఒకే హాల్లో పక్కపక్కనే ఉన్న రెండు బల్లలు చాలు.

అయితే జంప్ అంటే మా ఊళ్లో చాలామందికి తెలిసినది ఈ సక్రమమైన పద్ధతి కాదు. చిన్నప్పుడు చిర్రగోనె ఆడినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. చిర్రను రెండు విధాలుగా గాలిలోకి లేపుతాం. గుంత మీద అడ్డంగా పెట్టిన చిర్ర కిందికి గోనెను దూర్చి ఎత్తి విసరడం ఒకటి, నేల మీదున్న చిర్ర చెక్కిన మొనను పైనుంచి కొట్టి అది ఎగిరేలా చేయడం మరొకటి. పూల్‌లో మొదటిది ఫౌల్, రెండోది న్యాయమైన దెబ్బ. తెల్ల బంతి అడుగున క్యూ మొనను దూర్చి చెంచాతో తీసినట్టు లేపేవాడు కావాలని మిస్‌క్యూ చేస్తున్నాడు, అంటే క్యూ మొనను బంతి మీంచి జారనిస్తున్నాడు. బంతి ఎగురుతుంది, చూసేవారు చప్పట్లు కొడతారు, క్యూ మొన మాత్రం ఉన్ని గుడ్డను గీరుకుంటూ పోతుంది. మా పార్లర్ యజమాని ఆ బోర్డు రాయించింది ఇటువంటివారిని చూసే.

ఆ గీరినవారిలో నేనూ ఉన్నాను. పార్లర్‌లో అందరూ వాడే బరువైన క్యూతో, వీడియోల్లో చూసిన షాట్‌ను అనుకరించబోయి, ఒక రాత్రి పూల్ బల్ల క్లాత్‌ను రెండంగుళాల మేర చీల్చాను. యజమాని గొడవ చేయలేదు. హైదరాబాద్ నుంచి మిస్త్రీని పిలిపించి కొత్త క్లాత్ వేయించి, ఖర్చులో సగం నన్ను ఇమ్మన్నాడు, ఇచ్చాను. ఆ మిస్త్రీ పాత క్లాత్‌ను విప్పినప్పుడు కింద కనిపించిన స్లేట్ రాయిని మొదటిసారి చేత్తో తడిమి చూశాను. జంప్ షాట్ గురించి నాకు మొదటి పాఠం ఆ రాయే చెప్పింది.

మన ఇళ్లలో పరిచే తాండూరు బండ మీద గోటీని వదిలితే అది టకటకా ఎగురుతుంది, అదే గోటీని బొంత మీద వదిలితే చప్పుడు లేకుండా ఉండిపోతుంది. పూల్ బల్ల ఈ రెండింటి కలయిక. పలచని గుడ్డ కింద మందమైన స్లేట్ ఉంటుంది, బంతిని పైకి తిప్పి పంపేది ఆ స్లేటే. పైనుంచి ఏటవాలుగా కొట్టిన తెల్ల బంతి గుడ్డలోకి నొక్కుకుని, రాతికి తగిలి, ఎగిరిపడుతుంది. స్లేట్ బదులు చెక్కతో చేసిన చవక బల్లల మీద జంప్ సరిగా లేవకపోవడానికి కారణం ఇదే. అటువంటి బల్ల మీద సాధన చేసి, తన చేతిలో లోపముందని నిరాశపడినవారిని నేను చూశాను.

ఇక మామూలు క్యూతో ఈ షాట్ ఎందుకు కష్టమో చూద్దాం. నా విత్తనాల దుకాణంలో గ్రాముల దాకా తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. పార్లర్‌లో నేను ఆడే క్యూను దాని మీద పెడితే 540 గ్రాములు చూపింది, అంటే సుమారు 19 ఔన్సులు. పూల్ బంతి బరువు నియమాల ప్రకారం 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉంటుంది. బంతి కన్నా మూడు రెట్లు బరువైన కర్ర దానిని పైనుంచి కొట్టినప్పుడు, కర్ర ఆగదు. బంతి రాతికి తగిలి పైకి లేవబోయే ఆ క్షణంలో కర్ర ఇంకా దాని వెంటే దిగుతూ ఉంటుంది, పైకి వచ్చే దారిని మూసేస్తుంది. బంతి క్యూ మొననున్న టిప్‌కూ రాయికీ మధ్య నలిగి, జారిపోతుంది తప్ప ఎగరదు. ఇంటర్‌లో చదివిన ప్రత్యావస్థాన గుణకం (ఢీకొన్న వస్తువులు ఎంత వేగంతో విడిపోతాయో చెప్పే అంకె) గుర్తుంటే దీనిని కాగితం మీద లెక్క వేయవచ్చు. చేతి పట్టును పక్కన పెట్టి, తోలు టిప్‌కు ఆ గుణకాన్ని 0.75గా తీసుకుంటే, 540 గ్రాముల క్యూ బంతిని కొట్టిన తరువాత కూడా తన వేగంలో దాదాపు 58 శాతంతో ముందుకు సాగుతుంది. అదే క్యూ 270 గ్రాములుంటే, మిగిలే వేగం 32 శాతం మాత్రమే. రెండు బరువులూ సమానంగా ఉంటే కొట్టినది దాదాపు ఆగిపోవడం గోటీల ఆటలో అందరూ చూసినదే, గోటీకి గోటీ సూటిగా తగిలితే కొట్టిన గోటీ అక్కడే నిలబడిపోతుంది. జంప్ క్యూ తయారీ వెనుకనున్న ఆలోచన అంతా ఇంతే: కొట్టి, పక్కకు తప్పుకుని, బంతికి దారి వదిలేంత తేలికగా కర్ర ఉండాలి.

ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నా మొదటి కొనుగోలు డబ్బు వృథా అయ్యేది కాదు. క్లాత్ చిరిగిన తరువాత, ఆన్‌లైన్‌లో చూసి, బ్రేక్ కొట్టడానికీ (ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొట్టడానికి), జంప్ కొట్టడానికీ రెండింటికీ పనికొస్తుందని రాసిన ఒక క్యూ తెప్పించుకున్నాను. పిడి చివరి భాగాన్ని మర తిప్పి తీసేస్తే చిన్నదవుతుంది, అదే జంప్ క్యూ అని దానితో వచ్చిన కాగితం చెప్పింది. నల్లటి రంగు, దాని మీద వెండి గీతలు, చూడడానికి చాలా బాగుంది. చిన్నది చేసిన తరువాత కాంటా మీద పెడితే 430 గ్రాములు చూపింది. బ్రేక్ కొట్టడానికి బరువు కావాలి, జంప్ కొట్టడానికి తేలిక కావాలి, ఈ రెండు కోరికలనూ ఒకే కర్ర తీర్చాలంటే రెండింటిలోనూ రాజీ పడవలసిందే. చేతి బలం, అనుభవం ఉన్నవారు అటువంటి క్యూతో కూడా చక్కగా ఎగరవేస్తారు. నేర్చుకునేవాడికి మాత్రం అది సరైన తోడు కాదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తప్పు తన చేతిదో, కర్ర బరువుదో అతనికి తెలియదు.

కాబట్టి జంప్ క్యూ కొనేవారు ముందు అడగవలసినది బరువు. 225 నుంచి 370 గ్రాముల మధ్య, అంటే 8 నుంచి 13 ఔన్సుల మధ్య ఉండేవే ఎక్కువగా వస్తున్నాయి. నేర్చుకునేవారికి 250, 280ల మధ్య ఉన్నది హాయిగా ఉంటుందని నా అనుభవం. అమ్మేవారు బరువు చెప్పలేకపోతే కొనవద్దు. తరువాత పొడవు. ప్రపంచ పూల్ సంఘం నిర్దేశాల ప్రకారం ఏ క్యూ అయినా 40 అంగుళాలకు, అంటే 101.6 సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదు, 25 ఔన్సులకు మించి బరువు ఉండకూడదు, టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటకూడదు. మూడు ముక్కలుగా విడిపోయే జంప్ క్యూలు కొన్ని ఉన్నాయి, వెనుక ముక్కను తీసేసి ఇంకా పొట్టిగా వాడుకోవచ్చని చెప్పి అమ్ముతారు. అలా తీసిన తరువాత మిగిలిన పొడవు 40 అంగుళాలకు తగ్గితే నియమాలు పాటించే పోటీలో దానితో ఆడనివ్వరు. టేపు పెట్టి కొలుచుకోవడం రెండు నిమిషాల పని.

మూడోది, నా దృష్టిలో బరువుతో సమానమైనది, టిప్. మామూలు క్యూకు ఉండే తోలు టిప్ మెత్తగా ఉండి, బంతిని కొంచెం ఎక్కువసేపు అంటిపెట్టుకుని, సైడ్ ఇవ్వడానికి, అంటే బంతిని పక్కవాటుగా తిప్పడానికి, సహకరిస్తుంది. జంప్‌కు కావలసింది దీనికి వ్యతిరేకం, తగిలీ తగలగానే విడిచిపెట్టే గట్టిదనం. అందుకే జంప్ క్యూలకు ఫినాలిక్ అనే గట్టి రెజిన్‌తో చేసిన టిప్‌ను గానీ, బాగా అణచిన గట్టి తోలు టిప్‌ను గానీ పెడతారు. బంతులు కూడా ఫినాలిక్ రెజిన్‌తోనే తయారవుతాయి. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ బోధించి, పూల్ భౌతికశాస్త్రం మీద విస్తారంగా పనిచేసిన డేవిడ్ అల్సియాటోర్ ఇచ్చే అంకెల ప్రకారం నేను పైన చెప్పిన గుణకం తోలు టిప్‌లకు సుమారు 0.71 నుంచి 0.75 దాకా, ఫినాలిక్ టిప్‌లకు సుమారు 0.81 నుంచి 0.87 దాకా ఉంటుంది. అంటే అదే చేతి వేగానికి బంతికి ఎక్కువ వేగం అందుతుంది, కర్రకు తక్కువ మిగులుతుంది. ఫినాలిక్‌కు ఒక బలహీనత ఉంది: దాని మీద చాక్ (జారకుండా టిప్‌కు రాసే సుద్ద) సరిగా నిలవదు, మధ్య నుంచి పక్కకు కొడితే టిప్ జారిపోతుంది. జంప్‌లో మొదట నేర్చుకోవలసింది మధ్యలోనే కొట్టడం కనుక ఇది నాకు లోపంగా అనిపించలేదు. కొన్ని పోటీలు జంప్ క్యూనే అనుమతించవు, మరికొన్ని ఏ టిప్ ఉండాలో చెబుతాయి. పేరు నమోదు చేసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

బ్రాండ్ గురించి ఎక్కువగా చెప్పను. ప్రిడేటర్, మెజ్, జాకోబి వంటి పేరున్న సంస్థల జంప్ క్యూలు నిజంగా బాగుంటాయి, హైదరాబాద్‌లో ఒక మిత్రుడి ప్రిడేటర్‌తో ఒక సాయంత్రమంతా ఆడి ఆనందించాను. కానీ నా దగ్గరున్నది 4,500 రూపాయల పేరులేని క్యూ, 262 గ్రాములు, 41 అంగుళాలు, ఫినాలిక్ టిప్. అడ్డు బంతిని దాటించడంలో ఆ రెండింటి మధ్య నాకు కనిపించిన తేడా, మొదటి ఆరు నెలల్లో నా చేతిలో వచ్చిన తేడాలో పదో వంతు కూడా లేదు.

సాధన విషయానికి వస్తే, మొదట వదులుకోవలసింది బలం మీది నమ్మకం. ఒక పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. తెల్ల బంతి సరిగ్గా అంత ఎత్తు లేవాలంటే, పైదిశలో దాని వేగం సెకనుకు 1.06 మీటర్లు ఉంటే చాలు. అది శిఖరాన్ని చేరడానికి సెకనులో పదో వంతు కన్నా కొంచెం ఎక్కువ పడుతుంది. ముందుకు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోతున్న బంతి ఆ సమయంలో సుమారు 22 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే జానెడు దూరంలో ఉన్న బంతిని దాటించడానికి కావలసింది ఇంతే. బస్తాలు మోసే బలం అక్కరలేదు, చేతి మణికట్టు చాలు. బలంగా కొట్టేవారి తెల్ల బంతి బల్ల అంచునున్న కుషన్ దాటి నేల మీద పడుతుంది, అది ఫౌల్. పక్క బల్ల మీద ఆడుతున్నవారి కాళ్లకు తగిలితే ఫౌల్ కన్నా పెద్ద తగాదా.

అడ్డు బంతి పూర్తిగా అడ్డం లేదు, కొంచెమే తగులుతోంది, కాబట్టి కొంచెం లేపితే చాలు అనుకోవడం నేర్చుకునేవారు చేసే మరో తప్పు. దీనిని కూడా లెక్క వేసి చూశాను. దారికి సగం అడ్డుగా ఉన్న బంతిని దాటాలన్నా 49.5 మిల్లీమీటర్లు లేవాలి. పావు వంతే అడ్డున్నా 38 మిల్లీమీటర్లు లేవాలి. వ్యాసంలో పదో వంతు మాత్రమే అడ్డున్నప్పుడు కూడా 25 మిల్లీమీటర్లు కావాలి. బంతులు గుండ్రనివి కావడం వల్ల అంచు దగ్గర కూడా అవి అంత సులభంగా తల వంచవు. ఈ లెక్క చేతికి అందిన తరువాత, కొంచెమే అడ్డున్న బంతిని చూసి నిర్లక్ష్యంగా కొట్టడం మానేశాను.

నేను నేర్చుకున్న క్రమం ఇలా సాగింది. పార్లర్ తెరిచే వేళకు, ఇంకా ఎవరూ రాకముందే వెళ్లేవాణ్ని. మిస్త్రీ విప్పి పారేసిన పాత క్లాత్ నుంచి అరచేయంత ముక్కలు కత్తిరించి పెట్టుకున్నాను, తెల్ల బంతిని ఆ ముక్క మీద పెట్టి కొట్టేవాణ్ని. దెబ్బ పడే చోట అసలు క్లాత్‌కు మచ్చ పడకుండా అది కాపాడుతుంది. మొదటి వారమంతా బంతిని దాటించలేదు, ఒక చాక్ ముక్కను మాత్రమే దాటించాను. దాని ఎత్తు రెండు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ, పడిపోయినా ఎవరికీ నష్టం లేదు. తరువాత దాని స్థానంలో బంతిని ఒక అడుగు దూరంలో పెట్టాను. ఆ దూరాన్ని వారానికి కొన్ని వేళ్ల చొప్పున తగ్గిస్తూ వచ్చాను.

ఎడమ చేతి వేళ్లను నిటారుగా నిలిపి, అరచేతిని బల్ల నుంచి పైకి లేపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య క్యూను ఆనించాలి. ఈ ఎత్తైన బ్రిడ్జ్ కదలకుండా నిలవడానికే నాకు పది రోజులు పట్టింది. క్యూ బల్లకు 35 నుంచి 45 డిగ్రీల వాలులో ఉండాలి. వెనుక చేతి పట్టు అతి సున్నితంగా, బొటనవేలు, రెండు వేళ్లతో మాత్రమే ఉండాలి. ఇక్కడే చాలామంది విఫలమవుతారు. గట్టిగా పట్టుకున్న చేయి తేలికైన కర్రకు తన బరువును జోడిస్తుంది, మనం డబ్బు పెట్టి కొన్న తేలికదనాన్ని మన పిడికిలే రద్దు చేస్తుంది. క్యూ గీత వెంట చూసినప్పుడు కనిపించే తెల్ల బంతి మధ్యభాగాన్నే గురి పెట్టాలి. క్లాత్ చిరుగుతుందేమోనన్న భయంతో కిందికి గురిపెట్టేవారు సరిగ్గా ఆ భయపడిన పనే చేస్తారు, ఎందుకంటే కిందికి పోయిన టిప్ బంతిని వదిలి గుడ్డను పట్టుకుంటుంది. ఎడమకో కుడికో కొంచెం పక్కకు తగిలినా, ఎత్తిన క్యూ వల్ల తెల్ల బంతి వంపు తిరిగి పోతుంది. కొట్టిన తరువాత క్యూను ముందుకు తోయకూడదు. డప్పు మీద సిర్ర పుల్ల పడి వెంటనే వెనక్కి లేచినట్టు, దెబ్బ పడగానే చేయి వెనక్కి రావాలి.

అడ్డు బంతి మరీ దగ్గరగా ఉన్నప్పుడు ఈ భంగిమ చాలదు. అప్పుడు క్యూను 60 డిగ్రీల దాకా నిలబెట్టి, ఛాతీ ముందు కలం పట్టుకున్నట్టు పట్టుకుని, మోచేతిని పక్కకు పెట్టి, మణికట్టు విదిలింపుతో కొట్టే పద్ధతి ఒకటి ఉంది. చేత్తో డార్ట్ విసిరినట్టుండే ఈ పట్టు చూడడానికి కష్టంగా కనిపిస్తుంది, నిజానికి పొట్టి క్యూతో ఇది చాలామందికి మొదటి పద్ధతికన్నా త్వరగా వస్తుంది. నాకు రాలేదు. రెండు పద్ధతులూ ప్రయత్నించి, ఏది చేతికి వస్తే దానితోనే మొదలుపెట్టడం మంచిది.

బంతిని దాటించడం వచ్చిన తరువాత, లక్ష్యపు బంతిని పాట్ చేయడం, అంటే పాకెట్‌లో వేయడం, వేరే విద్య అని తెలిసింది. సూటిగా ఉన్న బంతి పాకెట్‌లోకి పోతోంది, కోణంలో ఉన్నది మాత్రం ప్రతిసారీ ఒకే వైపు తప్పిపోతోంది. నెలరోజులు నా గురినే తిట్టుకున్నాను. కారణం గురి కాదు. తెల్ల బంతి ఇంకా గాలిలో ఉండగానే లక్ష్యపు బంతిని తాకితే, అది బల్ల మీద దొర్లుతూ తాకవలసిన చోటు కన్నా కొంచెం ముందుకు పోయి, పైనుంచి తాకుతుంది. దాంతో కట్, అంటే లక్ష్యపు బంతి పక్కకు తిరిగే కోణం, కావలసినదాని కన్నా ఎక్కువవుతుంది, లక్ష్యపు బంతి మరింత పలచగా తెగిపోతుంది. దీనికి రెండు పరిష్కారాలున్నాయి: లక్ష్యం దూరంగా ఉంటే తెల్ల బంతి దిగి, గంతులు ఆగిన తరువాత తాకేలా వేగం తగ్గించుకోవడం, దగ్గరగా ఉంటే కొంచెం లావుగా, అంటే లక్ష్యపు బంతి మధ్యకు దగ్గరగా, గురిపెట్టడం. నేను ఇప్పటికీ రెండోదాన్ని పది సార్లలో నాలుగుసార్లు మాత్రమే సాధించగలుగుతున్నాను.

ఇక జంప్ క్యూ మీద ఉన్న అసలైన, బలమైన అభ్యంతరానికి వస్తాను. అది క్లాత్ గురించి కాదు, ఆట స్వభావం గురించి. సేఫ్టీ ఆడడం ఒక కళ. తెల్ల బంతిని అడ్డు వెనుక దాచి ఎదుటివాణ్ని ఇరకాటంలో పెట్టడానికి ఆటగాడు ఎన్నో ఏళ్లు కష్టపడతాడు, ఆ కష్టాన్ని ఒక చిన్న కర్ర క్షణంలో దాటేస్తే ముందు కుషన్‌కు కొట్టి బంతిని చేరే కిక్ షాట్ నేర్చుకునేవారెవరు అని అడుగుతారు. 1999లో ప్రపంచ నైన్ బాల్ విజేతగా నిలిచిన ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ కుషన్‌ల మీదుగా దాగిన బంతులను వెతికి పట్టుకునే తీరును వీడియోల్లో చూసినవారికి ఈ బాధ అర్థమవుతుంది. నాకూ అర్థమవుతుంది. కుషన్ ద్వారా బంతిని చేరడం రాని కుర్రవాళ్లకు జంప్ క్యూ ఇవ్వవద్దని నేనే చెబుతాను. కిక్‌కు బల్ల అంతటా దారులున్నాయి, జంప్‌కు ఒకే గీత ఉంది. ఆ గీత మీద రెండు బంతులు ఒకదాని వెనుక ఒకటి ఉన్నా, అడ్డు బంతి తెల్ల బంతికి ఆనుకుని ఉన్నా ఎంత మంచి క్యూ అయినా చాలదు. జంప్ తరువాత తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో చెప్పడం కూడా కష్టం, తాకడం కోసం కొట్టి, తరువాతి షాట్‌ను ఎదుటివాడికి పళ్లెంలో పెట్టి ఇచ్చిన ఆటలు నావే చాలా ఉన్నాయి. పైగా రిఫరీ లేకుండా, తెల్ల బంతిని తాకితేనే ఫౌల్ అనే ఒప్పందంతో ఆడే ఆటల్లో కూడా, జంప్ ప్రయత్నంలో అడ్డు బంతి కదిలితే ఫౌల్‌గానే లెక్కిస్తారు.

కానీ సేఫ్టీ కళ చచ్చిపోతుందన్న మాటను ఒప్పుకోను. జంప్ క్యూ లేని రోజుల్లో మధ్యలో ఏదో ఒక బంతి అడ్డుపడితే చాలు, సేఫ్టీ అయిపోయేది. మూడు అడుగుల దూరంలో, యాదృచ్ఛికంగా పడిన అడ్డు కూడా గొప్ప ఎత్తుగడగా చెలామణి అయ్యేది. ఇప్పుడు దాచేవాడు తెల్ల బంతిని అడ్డు బంతికి వేలి మందం దూరంలోకి తీసుకెళ్లి ఆపాలి. అంటే వేగం మీద అతనికి ఇంతకుముందు అక్కరలేనంత అదుపు కావాలి. నిర్లక్ష్యంగా దాచినదాన్ని జంప్ క్యూ దాటుతుంది, శ్రద్ధగా దాచినదాన్ని దాటలేదు. ఈ పరికరం సేఫ్టీకి శత్రువు కాదని, దానికి పరీక్షకుడని నేను వాదించేది ఇందుకే.

ఈ మాటలన్నీ పార్లర్ యజమానికి ఒకేసారి చెప్పలేదు. నా పాత క్లాత్ ముక్కలు, నేను ఆడిన ఎనిమిది నెలల తరువాత కూడా చిరుగు లేని బల్ల, ఆయనకు మాటల కన్నా బాగా చెప్పాయి. మామూలు క్యూతో అడుగునుంచి ఎత్తేవారిని ఆపాలనే ఆయన అసలు ఉద్దేశాన్ని బోర్డు సరిగా చెప్పడం లేదని మాత్రం పదేపదే అన్నాను. పోయిన దసరాకు గోడలకు సున్నం వేయించినప్పుడు బోర్డు కూడా మారింది. మూడో వాక్యం ఇప్పుడు "జంప్ క్యూ లేకుండా జంప్ కొట్టరాదు" అని ఉంది. దాని కింద, కొత్తగా నేర్చుకునేవారు క్లాత్ ముక్కను గల్లా దగ్గర అడిగి తీసుకోవాలని చిన్న అక్షరాలతో రాయించారు. మహబూబ్‌నగర్ నుంచి ఆదివారాలు వచ్చి ఆడే ఇద్దరు కుర్రవాళ్లు ఆ ముక్కలతోనే సాధన చేస్తున్నారు.

పెద్దాయన ఇప్పటికీ జంప్ క్యూను ముట్టుకోరు. కానీ సంక్రాంతి తరువాత నుంచి పూల్ బల్ల మీద కూడా అప్పుడప్పుడు నాతో నైన్ బాల్ ఆడుతున్నారు. గత వారం ఆరో నంబరు బంతి నాకు మిగిలి ఉండగా, ఆయన తెల్ల బంతిని నెమ్మదిగా తోసి, ఎనిమిదో నంబరు బంతి వెనుక దానికి ఆనీ ఆననట్టు ఆపారు. మధ్యలో కాగితం పట్టేంత సందు కూడా లేదు. నేను సంచివైపు చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. "తియ్యి తమ్మీ, నీ దుంకుడు కట్టె తియ్యి" అన్నారు ఆయన, ఇంతకుముందు లేని ఒక సంతోషంతో. మామూలు క్యూతోనే ఎదురుగా ఉన్న పొడవు కుషన్‌కు కిక్ కొట్టాను. తెల్ల బంతి ఆరో నంబరు పక్కనుంచి వెంట్రుకవాసిలో పోయింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, ఎక్కడ పెట్టాలా అని బల్ల చుట్టూ నిదానంగా ఒకసారి తిరిగారు.